సెలైన్ సీసాల్లో ఎర్ర ఆయిలు

మొగలిదిబ్బ,
నరసాపురం తాలూకా,
12-9-1983

బావగారికి నమస్కారం,

మీరు పంపిన గొడుగు అందిందని అక్క రాసే ఉంటుంది. బటన్ నొక్కితే దానంతటదే విచ్చుకుంటుందని తణుకులో వీధి వీధంతా పిలిచి చూపించి, మూడో రోజుకి స్ప్రింగు ఊడగొట్టింది. ఆ సంగతి మాత్రం రాసి ఉండదు.

ఇక నా సంగతి. మీ బావమరిది ఇప్పుడు హెల్పరు కాదు, డ్రైవరు. ఆగస్టు ఒకటో తారీకు నుంచి ఆసుపత్రి బండి నా చేతికి వచ్చింది. అమెరికాలో ఎవరో పుణ్యాత్ములు దిబ్బల అవతలి పేటల నుంచి రోగుల్ని తేవడానికని జనవరిలో దానమిచ్చిన బండి అది. స్టీరింగు ఎడంపక్కనుంటుంది. నాలుగు చక్రాలూ లాగుతాయి. క్లచ్ లేదు, గేరు మార్చే పని లేదు, అన్నీ దానంతటదే చూసుకుంటుంది. నా ఎడంకాలికి ఉద్యోగం పోయింది.

అయితే దీనికొక జబ్బుంది. తారు రోడ్డు మీద హాయిగా పోతుంది. ఇసక దిబ్బ ఎక్కేటప్పుడు సగంలోకి వచ్చేసరికి ఇంజను అరుస్తుంది గాని చక్రం కదలదు. వెనక్కి జారి చదునుకి వచ్చామంటే మళ్ళీ పట్టుకుంటుంది. పావుగంట ఆపితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. నాకు ముందు నడిపిన జ్ఞానప్రకాశం గారి చేతిలోనూ ఇదే జరిగింది. ఆయన బాగా రేజ్ చేసి లోపలి ప్లేట్లు కాల్చేశారని, జూలైలో మద్రాసు నుంచి మెకానిక్కు వచ్చి మార్చి వెళ్ళాడు. ప్రకాశం గారిని అంతకుముందే తీసేశారు. కొత్త ప్లేట్లు పడ్డాక కూడా ఇదేం జబ్బో తెలియడం లేదు.

మీరు అక్కడ రోజూ ఇలాంటి బళ్ళే విప్పుతారు కదా. ఏం చేయాలో రాయండి. మెకానిక్కుని మళ్ళీ పిలిపిస్తే, వీడి చేతిలోనూ అంతే అంటారు.

మీ
భీమరాజు


కువైట్,
30-9-1983

డ్రైవరు భీమరాజు గారికి,

గారు అన్నాను, చూసుకున్నావా. తణుకు షెడ్డులో నాలుగేళ్ళు నా చేత తిట్లు తిన్నందుకు ఇవాళ్టికి ఒక గారు దక్కింది. దాచుకో, మళ్ళీ రాయను.

నీ బండిలో క్లచ్ లేకపోవడమేమిటి, ఉంది. నీ ఎడంకాలికి బదులు ఆయిలు ఆ పని చేస్తుంది. ఆ ఎర్ర ఆయిలు ఒత్తిడి మీదే లోపలి ప్లేట్లు కరుచుకుంటాయి. కాబట్టి ఈ బండికి ఏ జబ్బొచ్చినా ముందు ఆయిలు సంగతి, తర్వాత నడిపేవాడి సంగతి.

ముందు నడిపేవాడి సంగతి చెప్తాను. దిబ్బ దగ్గరికి రాగానే బండి పూర్తిగా ఆపి, చిన్న లివరుని ‘లో’ గేరులో, అంటే బలం గేరులో వెయ్యి. పెద్ద లివరుని, గేర్లు దానంతటదే మార్చుకునే ‘డీ’ మీద వదిలెయ్యకు. వదిలితే ఇసకలో అది పై గేరా, కింది గేరా అని కొట్టుకుని వేడెక్కిపోతుంది. ఒకటో నంబరులో పెట్టి ఒకే ఊపున పోనియ్యి. టైర్లలో గాలి సగానికి తగ్గించు, తర్వాత పంపు కొట్టుకో, ఒంటికి మంచిది. దిగబడితే తొక్కకు. దిగి పార తీసుకుని తవ్వుకో. వేడెక్కిందనిపిస్తే ఇంజను ఆపకుండా న్యూట్రల్లో పెట్టి కాసేపు నడవనియ్యి, ఆయిలు తిరిగి చల్లబడుతుంది.

ఇవి చేశాక కూడా అదే తంతు అయితే నాకు కొన్ని సంగతులు కావాలి. ఆయిలు రంగెలా ఉంది, ఎర్రగానా, నల్లగానా, పాలు కలిసినట్టా? వాసన ఎలా ఉంది? కింద ఎక్కడైనా కారుతోందా? గేజి పుల్ల మీద గీత వరకు ఉంటోందా? రోజూ చూస్తున్నావు కదా?

మీ అక్కతో గొడుగు సంగతి నువ్వు చెప్పావని అననులే. ఇంకోటి పంపుతున్నాను.

బుల్లిరాజు


మొగలిదిబ్బ,
20-10-1983

బావగారికి,

మీరు రాసినవన్నీ చేశాను. గాలి తగ్గించాను, లో గేరులో ఒకటో నంబరు మీద పోనిచ్చాను. రెండు రోజులు బాగానే ఎక్కింది. మూడో రోజు మళ్ళీ అదే చోట, అదే అరుపు. ఆ వేళ బండిలో కాలు విరిగిన ముసలాయన ఉన్నాడు. మంచం మీద మోసుకొచ్చాం. అందరూ నన్నే చూస్తున్నారండి.

మీరడిగినవి రాస్తున్నాను. ఆయిలు ఎర్రగానే ఉంది. వాసన మాత్రం కాస్త మాడినట్టుంది, బెల్లం పాకం అడుగంటినట్టు. కింద చుక్క కారడం లేదు, రోజూ గోనెపట్టా పరిచి చూస్తున్నాను. ఇక గేజి సంగతి మీరు అడగాలా? ఆయిలు, నీళ్ళు, బ్యాటరీ చూసే పని మొదటి నుంచీ, అంటే హెల్పరుగా ఉన్నప్పటి నుంచీ నాదే. రోజూ తెల్లారగానే, ఇంజను ముట్టుకోకముందే గేజి తీసి తుడిచి మళ్ళీ పెట్టి చూస్తాను, మీరు షెడ్డులో నేర్పినట్టే. సరిగ్గా గీత మీద ఉంటుంది. వెంట్రుకవాసి ఎక్కువ ఉండదు, తక్కువ ఉండదు.

ప్రకాశం గారి భార్య రత్నమాణిక్యం గారు ఇక్కడే ఆయా. రోజూ ఎదురుపడుతుంది. బాగానే మాట్లాడుతుంది. ఆయన ఇప్పుడు నరసాపురం రేవులో గోదారి దాటించే పంటు మీద తాళ్ళు కట్టే పనిలో ఉన్నాడట. అంత పెద్ద డ్రైవరు.

ఇంకేం చూడాలో తొందరగా రాయండి.

భీమరాజు


కువైట్,
6-11-1983

భీమరాజూ,

ఈ ఉత్తరం చదవగానే చేయాల్సిన పని ఒకటే. బండిని ఆసుపత్రి ముందు సిమెంటు చదును మీద పెట్టు. ఓ ఐదు మైళ్ళు తిప్పి తెచ్చాక పెట్టు. ఇంజను ఆపకు. న్యూట్రల్లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను నడుస్తుండగానే గేజి తీసి చూడు.

మన జీపుకీ లారీకీ ఆపి చూస్తాం. ఇంజను ఆయిలు అలాగే చూడాలి. ఈ ఎర్ర ఆయిలు అలా కాదు. ఇంజను ఆపితే పైన తిరిగే ఆయిలు కొంత కిందికి దిగి, గేజి మీద గీత దాటి చూపిస్తుంది. ఇది కిందటి ఉత్తరంలో నేను రాయలేదు. ఇక్కడ పసివాడికి కూడా తెలిసిన సంగతి కదా, నీకు తెలియదని తట్టలేదు.

నాకు అనుమానం వచ్చింది ఇక్కడే. ఆపి చూసినప్పుడు గీతకి పైన ఉండాలి. నీకు సరిగ్గా గీత మీద ఉందన్నావు. కారడం లేదన్నావు. మరి ఆ ఆయిలు ఎటు పోయింది?

ఎవరు తీశారో, ఎంత తీశారో దాచకుండా రాయి.

బుల్లిరాజు


మొగలిదిబ్బ,
25-11-1983

బావగారికి,

మీ ఉత్తరం వచ్చి వారమైంది. వచ్చిన రోజే మీరు చెప్పినట్టు చూశాను. గేజి పుల్ల పొడిగా వచ్చింది. తుడిచి మళ్ళీ పెట్టి తీశాను, మళ్ళీ పొడే. నాలుగుసార్లు చూశాను.

తీసింది నేనేనండి.

జనవరిలో బండి వచ్చిన మర్నాడే గేజి చూస్తే గీతకి రెండంగుళాలు పైకుంది. ఆయిలు ఎక్కువైతే సీళ్ళు తన్నేసి కారిపోతుందని మీరు చెప్పింది గుర్తొచ్చింది. రత్నమాణిక్యం గారిని అడిగి పాత సెలైన్ ట్యూబు, ఖాళీ సీసాలు తీసుకున్నాను. ఆవిడే కడిగి ఆరబెట్టి ఇచ్చింది. మూడు రోజులు రోజుకో సీసా చొప్పున తోడాను. గీతకి వచ్చింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. విదేశీ ఆయిలు కదా, పారబోయడం ఎందుకని సీసాల మీద ప్లాస్టరు అంటించి తారీకులు వేసి షెడ్డు అలమరలో పెట్టాను. జూలైలో మద్రాసాయన కొత్త ఆయిలు పోసి వెళ్ళాక మళ్ళీ ఎక్కువ కనపడింది. తొందరలో ఎక్కువ పోశాడనుకుని ఇంకో రెండు తోడాను. మొత్తం ఐదు సీసాలు, వరసగా ఉన్నాయి.

మొదటి ఉత్తరంలో మీకు రాయనిది ఇంకొకటుంది. ప్రకాశం గారిని తీసేసింది బండి పాడుచేసినందుకు ఒక్కదానికే కాదు. ఏప్రిల్లో అవతలి పేట నుంచి చిన్నమ్మాయి అని, తొలి కాన్పు పిల్ల, నొప్పులతో ఉంటే ఆయన తీసుకొస్తున్నారు. నేను వెనక ఆ పిల్ల పక్కనే కూర్చున్నాను. దిబ్బ మీద బండి ఆగిపోయింది. ఆయన తొక్కారు, మళ్ళీ తొక్కారు. పొగ వచ్చింది. ఎండ మండిపోతోంది. మంచం తెప్పించి రెండు మైళ్ళు మోశాం. పిల్ల బతికింది, బిడ్డ బతకలేదు. మగబిడ్డ.

ప్లేట్లు కాలిపోవడం చూసి, డ్రైవరు బలంగా తొక్కడం వల్లనేనని మెకానిక్కు కాగితం రాసిచ్చాడు. ఆసుపత్రి కమిటీ వాళ్ళు అప్పటికే ఆ మాటే అనుకున్నారు. ప్రకాశం గారు ఎదురు చెప్పలేదు. ఆయన కూడా అదే నమ్మారు. "నా కాలే తమ్ముడూ, నా కాలే చేసింది" అన్నారు నాతో, తాళాలు ఇచ్చేసి వెళ్ళేటప్పుడు. ఇప్పుడు ఎడ్లబండి కూడా తోలడని రత్నమాణిక్యం గారు చెప్పింది.

మొదటి మూడు సీసాల మీద తారీకులు జనవరివి బావగారూ. నా చేతిరాతే.

నేనేం చేయాలి?

భీమరాజు


కువైట్,
14-12-1983

భీమరాజుకి,

ముందు బండి సంగతి. ఆ సీసాల్లో ఆయిలు తిరిగి పొయ్యకు, దుమ్ము చేరి ఉంటుంది. కొత్తది విశాఖపట్నంలో దొరుకుతుంది. ఇంజను నడుస్తుండగా కొద్దికొద్దిగా పోస్తూ చూసుకో. ఆయిలు ఎర్రగానే ఉందంటే ప్లేట్లు ఇంకా పూర్తిగా కాలలేదు, నీ అదృష్టం.

మిగతా సంగతి. జరిగిందేదో జరిగింది. నువ్వు కావాలని చేయలేదు. బండి బాగుపడుతుంది, ఇక ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఆ మనిషికి పంటు మీద పని దొరికిందన్నావు. ఇప్పుడు నువ్వు నోరు విప్పితే నీ పని పోతుంది, పోయిన బిడ్డ రాడు. కమిటీ వాళ్ళు నువ్వు ఆయిలు అమ్ముకోవడానికే తీశావంటారు. నమ్మేవాడు ఉండడు. సీసాలు కాలవలో పారబోసి కడిగెయ్యి. ఈ ఉత్తరం కూడా చింపెయ్యి.

కొన్నాళ్ళు పోతే మరుపొస్తుంది. నాకు తెలుసు.

బుల్లిరాజు


మొగలిదిబ్బ,
2-1-1984

బావగారికి,

ఆయిలు తెప్పించి పోశాను. బండి దిబ్బ ఎక్కింది. పైకి వెళ్ళాక ఆపి కిందికి దిగి కూర్చుండిపోయాను. అంత సులువుగా ఎక్కింది.

మీ ఉత్తరం చింపలేదు. పదిసార్లు చదివాను. అందులో ఒక్క వేళాకోళం కూడా లేదు. షెడ్డులో నట్టు ఒకటి పోతే అందరినీ నిలబెట్టి, ఎవడు పోగొట్టాడో వాడే చెప్పేదాకా అన్నం తిననివ్వని మనిషి రాసిన ఉత్తరంలా లేదు. కొన్నాళ్ళు పోతే మరుపొస్తుందని మీకెలా తెలుసు?

సీసాలు కడుగుదామని బయట పెట్టాను. రత్నమాణిక్యం గారు అటు వచ్చింది. "ఇవన్నీ ఖాళీ చేసేత్తన్నావేంటి తమ్ముడూ, ఇంకా కావాలేమోనని మంచియ్యి రెండు దాచుంచాను" అంది. నా ఐదు సీసాలూ తీసుకెళ్ళి మళ్ళీ అలమరలో పెట్టేశాను.

ఆవిడ కడిగిన సీసాలండి అవి.

భీమరాజు


మొగలిదిబ్బ,
23-1-1984

బావగారికి,

మీ జవాబు రాలేదు. వచ్చేదాకా ఆగలేకపోయాను.

పదహారో తారీకున ఐదు సీసాలూ తీసుకెళ్ళి డాక్టరమ్మగారి బల్ల మీద పెట్టాను. జరిగింది చెప్పాను. ఆవిడ లేచి బీరువా తాళం తీసి, బండితోపాటు వచ్చిన పుస్తకం బయటికి తీసి పేజీలు తిప్పారు. ఇంజను నడుస్తుండగా చూడాలని అందులో నల్లటి అక్షరాలతో వేసి ఉందట. "ఏడాది నుంచి ఈ పుస్తకం నా బీరువాలోనే ఉందయ్యా. చదవాలని నాకూ తోచలేదు, అడగాలని నీకూ తోచలేదు" అన్నారు. నా పని సంగతి కమిటీ తేలుస్తుందన్నారు. ప్రకాశం గారికి కబురు పంపబోతుంటే, నేనే వెళ్ళి చెప్తానన్నాను.

రేవుకి వెళ్ళాను. పంటు అవతలి ఒడ్డున ఉంది. వచ్చేదాకా నిలబడ్డాను. ఆయన తాడు కట్టి, జనం దిగాక నన్ను చూసి నవ్వారు. "ఏంటి తమ్ముడూ, సఖినేటిపల్లి వెళ్తన్నావా?" అన్నారు. లేదండి, మీకోసమే వచ్చానన్నాను. మెట్ల మీద కూర్చుని మొదటి సీసా నుంచి చెప్పాను. కొడతారనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది.

అంతా విని ఆయన ఒకటే అడిగారు. "అయితే ఆ వేళ నేను మెల్లగా తొక్కినా ఎక్కేది కాదా?"

"ఎక్కేది కాదండి. మీరు ఎలా నడిపినా ఎక్కేది కాదు. అందులో ఆయిలు లేదు."

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. మూడుసార్లు చెప్పించుకున్నారు. మూడోసారి చెప్తుంటే తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. పంటు మీద వాళ్ళు పిలుస్తున్నా లేవలేదు. నేనూ పక్కనే కూర్చున్నాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఆయన కూడా క్షమించానని అనలేదు.

లేచి వెళ్ళేటప్పుడు మాత్రం, "ఆ పిల్లకి చెప్పాలి కదా. నన్ను చూసినప్పుడల్లా ఇంట్లోకి వెళ్ళిపోద్ది" అన్నారు.

నిన్న ఆయన ఆసుపత్రికి వచ్చారు. డాక్టరమ్మగారు తాళాలు ఇవ్వబోతే, కొన్నాళ్ళు ఆగుతానన్నారు. నా చేత బండి స్టార్టు చేయించారు. వేడెక్కేదాకా నిలబడి, ఇంజను నడుస్తుండగా గేజి తానే తీసి నాకు చూపించారు. "ఎంతుందో నువ్వు చదువు" అన్నారు. గీత మీద ఉందండి అన్నాను. తర్వాత ఎక్కి కుడిపక్క సీట్లో కూర్చున్నారు. మన బళ్ళలో అయితే అది డ్రైవరు సీటే.

రత్నమాణిక్యం గారు నాతో మాట్లాడటం లేదు. నేనూ మొహమెత్తి చూడలేకపోతున్నాను.

రేపు ఇద్దరం చిన్నమ్మాయి వాళ్ళ పేటకి వెళ్తున్నాం. నన్నే నడపమన్నారు. ఏం చెప్పాలో, ఆ పిల్ల ఏమంటుందో తెలియదు. కమిటీ ఏమంటుందో కూడా తెలియదు. రెండో దానికి అంత భయం లేదు.

భీమరాజు


కువైట్,
11-2-1984

భీమరాజూ,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. మరుపొస్తుందని నాకెలా తెలుసని అడిగావు. రాదు. అది అబద్ధం రాశాను.

ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో నేనూ ఇదే చేశాను. ఒక షేకు గారి ఎడారి బండికి ఇంజను ఆపి గేజి చూసి, ఎక్కువుందని తోడేశాను. తణుకులో అందరికీ నేర్పే మేస్త్రీని కదా, ఎవరినీ అడగలేదు. ఇసకలో ప్లేట్లు కాలిపోయాయి. ఫోర్‌మన్ వచ్చి ఎవరు చూశారని అడిగితే, నా పక్కన పనిచేసే వర్కీ పేరు చెప్పాను. మలయాళం ఆయన, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయనకి అరబ్బీ సరిగ్గా రాదు, చెప్పుకోలేకపోయాడు. వారంలో ఇంటికి పంపేశారు. బస్సు ఎక్కేముందు నాకు తన స్పానర్ల పెట్టె ఇచ్చి వెళ్ళాడు, వాడుకోమని. నేను చెప్పానని ఆయనకి తెలియదు. ఆరేళ్ళుగా ఆ స్పానర్లతోనే పని చేస్తున్నాను.

నీకు మొదటి ఉత్తరం రాసేటప్పుడు ఇంజను నడుస్తుండగా చూడాలన్నమాట రాయబోయి ఆగాను. అది నాకెలా తెలిసిందని ఎప్పుడైనా అడుగుతావేమోనని. తట్టలేదని తర్వాత రాసింది నిజం కాదు. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ ముసలాయన్ని మంచం మీద మోసే పని ఉండేది కాదు.

ఆయిలు చూడటం నీకు నేర్పింది నేను. ఇంజను ఆపకుండా చూశావని ఒకసారి నీ వేళ్ళ మీద స్పానరుతో కొట్టాను, నీకు గుర్తుందో లేదో. ప్రకాశం గారికి నా పేరు కూడా చెప్పు.

వర్కీ అడ్రసు స్పానర్ల పెట్టె మూత లోపల రాసి ఉంది. ఆయనకి తెలుగు రాదు, నాకు మలయాళం రాదు. పక్క గదిలో ఉండే కొట్టాయం ఆయన్ని బతిమాలి నిన్న ఉత్తరం రాయించాను. నేను చెప్తుంటే ఆయన రాస్తూ రాస్తూ మధ్యలో కలం ఆపి నా మొహం చూశాడు. తర్వాత మళ్ళీ రాశాడు. నీ ఉత్తరం, ఆ ఉత్తరం ఇవాళ ఒకే పోస్టు డబ్బాలో వేస్తున్నాను. ఆయన పెట్టె కూడా ఈ నెల అటు వెళ్ళేవాళ్ళ చేత పంపిస్తాను.

మీ అక్కకి ఇది నేనే చెప్తాను, నువ్వు చెప్పకు. చిన్నమ్మాయి ఏమన్నదో రాయి. ప్రకాశం గారు మళ్ళీ ఎడంపక్క సీట్లో కూర్చున్న రోజున అది కూడా రాయి.

బుల్లిరాజు